భారతదేశపు ఈ-పర్యాటక వీసా

ఈ-పర్యాటక వీసా అనగా విదేశీ యాత్రికులు భారత రాయబార కార్యాలయానికి వెళ్ళనవసరం లేకుండా, అంతర్జాలం ద్వారా దరఖాస్తు చేసి పొందే ప్రవేశానుమతి. భారత ప్రభుత్వం ఈ పద్ధతిని 2014 నవంబరు 27న 43 దేశాల పౌరులకు, 9 విమానాశ్రయాలలో ప్రారంభించింది. ఆ తొమ్మిదింటిలో హైదరాబాదు ఒకటి. ప్రస్తుతం 150కి పైగా దేశాల పౌరులు దీనికి అర్హులు.

భారతదేశపు వైశాల్యం సుమారు 32.87 లక్షల చదరపు కిలోమీటర్లు. ఉత్తర దక్షిణాలుగా 3,214 కి.మీ., తూర్పు పడమరలుగా 2,933 కి.మీ. విస్తరించి ఉన్న ఈ దేశంలో 2025 నాటికి 44 ప్రపంచ వారసత్వ ప్రదేశాలు ఉన్నాయి. ఇంత పెద్ద దేశాన్ని 30 రోజుల వీసాతో పూర్తిగా చూడడం సాధ్యం కాదు. ఏ విమానాశ్రయంలో దిగాలి, ఏ కాలంలో రావాలి, ఏ ప్రాంతాలకు వేరే అనుమతి కావాలి అన్న మూడు విషయాలను బట్టి యాత్ర రూపుదిద్దుకుంటుంది.

నేపథ్యం

2010కి ముందు భారతదేశానికి రాదలచిన విదేశీ పర్యాటకుడు తన దేశంలోని భారత రాయబార కార్యాలయానికి పాస్‌పోర్టును పంపి, ముద్ర వేయించుకొని తిరిగి పొందవలసి ఉండేది. నేపాలు, భూటాను పౌరులకు వీసా అవసరం లేదు. మాల్దీవుల పౌరులు కూడా 90 రోజుల వరకు వీసా లేకుండా పర్యటించవచ్చును. మిగిలిన వారిలో అధికులకు వీసా తప్పనిసరి.

2008 నవంబరులో ముంబయిపై జరిగిన ఉగ్రవాద దాడుల తరువాత వీసా నిబంధనలు కఠినమయ్యాయి. దాడులకు ముందు ఆ నగరాన్ని పరిశీలించడానికి డేవిడ్ హెడ్లీ అమెరికా పాస్‌పోర్టుతో పలుమార్లు వచ్చి వెళ్ళినట్లు 2009లో బయటపడింది. ఆ సంవత్సరం చివరిలో ప్రభుత్వం ఒక కొత్త నియమాన్ని తెచ్చింది. దాని ప్రకారం పర్యాటక వీసాపై వచ్చిన వ్యక్తి దేశం విడిచి వెళ్ళిన తరువాత రెండు నెలల లోపు తిరిగి రాకూడదు. భారతదేశంతో పాటు నేపాలు, శ్రీలంకలను కలిపి చూడాలనుకునే యాత్రికులకు ఇది పెద్ద అడ్డంకిగా మారింది. 2012 డిసెంబరులో కొన్ని దేశాల పౌరులకు తప్ప మిగిలిన వారికి ఈ నియమాన్ని తొలగించారు.

ఇదే కాలంలో మరొక దిశలోనూ ప్రయత్నం జరిగింది. 2010 జనవరి 1న ఫిన్లాండు, జపాను, లక్సెంబర్గు, న్యూజీలాండు, సింగపూరు పౌరులకు విమానాశ్రయంలో దిగిన తరువాతనే వీసా ఇచ్చే పద్ధతి మొదలైంది. తరువాత ఆగ్నేయాసియాకు చెందిన కొన్ని దేశాలు, దక్షిణ కొరియా ఈ జాబితాలో చేరాయి. ఒక చేతితో తలుపు బిగించి, మరొక చేతితో తెరవడం భారత వీసా విధానంలో తరచుగా కనిపించే లక్షణం. ఈ-వీసా ఈ రెంటి మధ్య కుదిరిన ఏర్పాటు అని చెప్పవచ్చును. ఇందులో యాత్రికుడు రాయబార కార్యాలయానికి వెళ్ళే పని లేదు. అయితే విమానం ఎక్కక ముందే అతని వివరాలు ప్రభుత్వం చేతికి అందుతాయి.

చరిత్ర

* 2014 నవంబరు 27 - ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతా, హైదరాబాదు, బెంగుళూరు, కొచ్చి, తిరువనంతపురం, గోవా విమానాశ్రయాలలో ప్రారంభం.
* 2015 ఏప్రిల్ - విమానాశ్రయంలోనే వీసా ఇస్తారని యాత్రికులు పొరబడుతున్నందున పథకం పేరును ఈ-పర్యాటక వీసాగా మార్చారు.
* 2015 జూలై - చైనా పౌరులకు వర్తింపు. ఆగస్టు నాటికి అర్హత గల దేశాల సంఖ్య 113.
* 2016 ఫిబ్రవరి - మరో 37 దేశాలు చేరి మొత్తం 150 అయ్యాయి.
* 2017 ఏప్రిల్ - పర్యాటక, వ్యాపార, వైద్య విభాగాలుగా విభజన. నివాస గడువు 30 నుండి 60 రోజులకు పెంపు. విమానాశ్రయాలు 24కు పెరిగాయి, కొన్ని ఓడరేవులకు కూడా అనుమతి లభించింది.
* 2019 - 30 రోజులు, ఒక సంవత్సరం, ఐదు సంవత్సరాల వీసాలుగా పునర్వ్యవస్థీకరణ, రుసుముల తగ్గింపు.
* 2020 మార్చి 13 - కోవిడ్-19 కారణంగా పర్యాటక వీసాల నిలిపివేత.
* 2021 నవంబరు 15 - సాధారణ విమానాలలో వచ్చే పర్యాటకులకు తిరిగి అనుమతి. మొదటి 5 లక్షల పర్యాటక వీసాలను ఉచితంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది.
* 2022 మార్చి - ఐదేళ్ళ ఈ-వీసాల పునరుద్ధరణ.

కోవిడ్ తరువాత పునరుద్ధరణ అందరికీ ఒకేసారి జరగలేదు. బ్రిటను పౌరులకు 2022 డిసెంబరులో గాని ఈ-వీసా తిరిగి లభించలేదు. కెనడాతో దౌత్య వివాదం తలెత్తినపుడు 2023 సెప్టెంబరు 21న ఆ దేశ పౌరులకు వీసాల జారీ ఆగిపోయింది. ఈ-వీసాలు ఆ సంవత్సరం నవంబరు 22న తిరిగి మొదలయ్యాయి. చైనా పౌరులకు 2020 ఫిబ్రవరిలో నిలిచిన పర్యాటక వీసాలు 2025 జూలైలో ప్రారంభమయ్యాయి. అయితే అవి అంతర్జాలంలో ఇచ్చేవి కావు, వీసా కేంద్రానికి స్వయంగా వెళ్ళి పొందవలసినవి. ఈ మూడు ఉదాహరణలను బట్టి ఈ-వీసా యాత్రికుని హక్కు కాదని, దేశాల మధ్య సంబంధాలపై ఆధారపడిన సౌకర్యమని తెలుస్తుంది.

రకాలు, రుసుములు

2019లో ఏర్పడిన నిబంధనల ప్రకారం ఈ-పర్యాటక వీసాలు మూడు రకాలు.

* 30 రోజుల వీసా - రెండు ప్రవేశాలకు అనుమతి. సాధారణ రుసుము ఏప్రిల్ నుండి జూన్ వరకు 10 అమెరికా డాలర్లు, జూలై నుండి మార్చి వరకు 25 డాలర్లు.
* ఒక సంవత్సరం వీసా - ఎన్ని పర్యాయములైనా ప్రవేశించవచ్చును. రుసుము 40 డాలర్లు.
* ఐదు సంవత్సరాల వీసా - ఎన్ని పర్యాయములైనా ప్రవేశించవచ్చును. రుసుము 80 డాలర్లు.

కొన్ని దేశాల పౌరులకు రుసుములు వేరుగా ఉంటాయి. దరఖాస్తును తిరస్కరించినా రుసుము వాపసు ఇవ్వరు. సంవత్సరం, ఐదేళ్ళ వీసాలపై ఒక్కొక్క రాకలో ఎడతెగకుండా 90 రోజుల వరకు ఉండవచ్చును. అమెరికా, బ్రిటను, కెనడా, జపాను పౌరులకు ఇది 180 రోజులు.

వేసవిలో రుసుము తక్కువగా ఉండడానికి కారణం వాతావరణం. ఏప్రిల్ నుండి జూన్ వరకు మైదాన ప్రాంతాలలో ఎండలు తీవ్రంగా ఉండి విదేశీ పర్యాటకులు తగ్గుతారు. ఆ లోటును కొంతవరకు భర్తీ చేయడానికి ఈ తగ్గింపును ఏర్పాటు చేశారు.

30 రోజుల వీసా విషయంలో యాత్రికులు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. అనుమతి పత్రంపై ముద్రించే గడువు తేదీ దేశంలోకి ప్రవేశించడానికి చివరి తేదీ మాత్రమే. 30 రోజుల లెక్క మొదటిసారి దేశంలో అడుగు పెట్టిన రోజు నుండి మొదలవుతుంది. సంవత్సరం, ఐదేళ్ళ వీసాలకు మాత్రం అనుమతి మంజూరైన తేదీ నుండే గడువును లెక్కిస్తారు.

దరఖాస్తు విధానం

దరఖాస్తును భారత ప్రభుత్వ అధికారిక వీసా వెబ్‌సైటులో నింపాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. తెల్లని నేపథ్యంతో తీసిన ఇటీవలి ఫోటోను, పాస్‌పోర్టులో వ్యక్తిగత వివరాలున్న పేజీ ప్రతిని జత చేయాలి. రుసుము చెల్లించిన తరువాత దరఖాస్తును పరిశీలించి, అనుమతి పత్రాన్ని ఈ-మెయిలు ద్వారా పంపుతారు. 30 రోజుల వీసాకు ప్రయాణానికి ముందు 30 రోజుల లోపున, దీర్ఘకాల వీసాలకు 120 రోజుల లోపున దరఖాస్తు చేయవచ్చును. ఏ రకానికైనా కనీసం నాలుగు రోజుల వ్యవధి ఉండాలి.

ఈ-మెయిలులో వచ్చేది ప్రయాణానికి ముందస్తు అనుమతి మాత్రమే. దాని ముద్రిత ప్రతిని వెంట తెచ్చుకోవాలి. విమానాశ్రయంలో వేలిముద్రలు, ఫోటో తీసుకున్న తరువాత అధికారి పాస్‌పోర్టుపై ముద్ర వేస్తారు. 2025 అక్టోబరు 1 నుండి విదేశీయులు రాక వివరాలను కూడా ప్రయాణానికి ముందే అంతర్జాలంలో నింపే ఏర్పాటు వచ్చింది. పచ్చజ్వరం వ్యాప్తి ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుండి వచ్చేవారు టీకా ధ్రువపత్రాన్ని తేవాలి.

అధికారిక వెబ్‌సైటును పోలిన పేర్లతో ప్రైవేటు సైట్లు అనేకం ఉన్నాయి. వీటిలో కొన్ని అసలు రుసుముకు అనేక రెట్లు వసూలు చేస్తాయి, కొన్ని పూర్తిగా మోసపూరితమైనవి. అధికారిక సైటు చిరునామా "గవ్.ఇన్" అనే ముగింపుతో ఉంటుంది. ఈ ఒక్క గుర్తును చూసుకొంటే చాలావరకు మోసాల నుండి తప్పించుకోవచ్చును.

ఈ-వీసాపై అనుమతించే పనులు, అనుమతించని పనులు

విహారం, ప్రదేశాల సందర్శన, బంధుమిత్రులను కలుసుకోవడం, స్వల్పకాలిక యోగా శిక్షణ ఈ వీసా ఉద్దేశాలు. వేతనం లేని స్వచ్ఛంద సేవను ఒక నెల వరకు చేయవచ్చును. ఉద్యోగం, మత ప్రచారం, వృత్తిపరమైన పాత్రికేయం దీని పరిధిలోకి రావు. దౌత్య పాస్‌పోర్టులు గలవారు, పాకిస్తాను పాస్‌పోర్టు గలవారు లేదా పాకిస్తాను మూలాలు గలవారు రాయబార కార్యాలయంలో సాధారణ వీసాకే దరఖాస్తు చేయాలి.

విదేశీయులకు బస ఇచ్చిన హోటళ్ళు, అతిథి గృహాలు వారి వివరాలను 24 గంటలలోగా "ఫారం సి" ద్వారా అధికారులకు తెలియజేయాలి. బంధువుల ఇళ్ళలో దిగేవారి విషయంలో కూడా ఆతిథ్యం ఇచ్చిన గృహస్థునికి ఈ బాధ్యత ఉన్నది. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియదు. విదేశీయుల రాకపోకలకు సంబంధించిన 1920, 1939, 1946, 2000 సంవత్సరాల నాటి చట్టాల స్థానంలో వలసలు, విదేశీయుల చట్టం 2025 అదే సంవత్సరం సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది.

ప్రవేశ ద్వారాలు, సమీప ఆకర్షణలు

ఈ-వీసాతో నిర్దేశించిన విమానాశ్రయాలు, ఓడరేవుల ద్వారా ప్రవేశించాలి. తిరుగు ప్రయాణానికి మాత్రం దేశంలోని ఏ అధికారిక వలస తనిఖీ కేంద్రం నుండైనా వెళ్ళవచ్చును. నేపాలు నుండి రోడ్డు మార్గాన రాదలచినవారు తమ సరిహద్దు కేంద్రం జాబితాలో ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి. ప్రధాన ద్వారాలను, వాటికి చేరువలో ఉన్న ప్రాంతాలను కింద చూడవచ్చును.

ఢిల్లీ

మొదటిసారి వచ్చే విదేశీయులు ఎక్కువగా ఎంచుకొనే మార్గం ఢిల్లీ, ఆగ్రా, జైపూరు. మ్యాపులో ఇది త్రిభుజాకారంలో కనిపిస్తుంది కనుక "బంగారు త్రిభుజం" అంటారు. ఢిల్లీలో కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి, ఎర్రకోట ప్రపంచ వారసత్వ కట్టడాలు. ఆగ్రాలో షాజహాన్ తన భార్య ముంతాజ్ మహల్ స్మృత్యర్థం కట్టించిన తాజ్ మహల్ శుక్రవారం మూసి ఉంటుంది. శుక్రవారం ఒక్కరోజుకే ఆగ్రా చేరుకొని నిరాశతో వెనుదిరిగేవారు ఉన్నారు. ఢిల్లీ నుండి ఆగ్రాకు 2016లో ప్రవేశపెట్టిన గతిమాన్ ఎక్స్‌ప్రెస్ సుమారు 100 నిమిషాలలో చేరుతుంది. 1727లో సవాయి జైసింగ్ స్థాపించిన జైపూరు నగరానికి 2019లో ప్రపంచ వారసత్వ హోదా లభించింది.

ఢిల్లీ నుండే హిమాలయాలకు దారులు వెళతాయి. లడఖ్‌లోని లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉన్నది. విమానంలో నేరుగా దిగినవారు గాలిలో ప్రాణవాయువు తక్కువగా ఉండడం వలన అస్వస్థతకు గురి కావచ్చును. కనుక మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవడం అవసరం. తక్కువ గడువుతో వచ్చినవారు ఈ రెండు రోజులను లెక్కలో వేసుకోవాలి.

వారణాసి, గయ

రెండు నగరాల విమానాశ్రయాలూ ఈ-వీసా ద్వారాలే. వారణాసి గంగానది ఘాట్లకు ప్రసిద్ధి చెందినది. దానికి సమీపంలోని సారనాథ్‌లో బుద్ధుడు మొదటి ధర్మోపదేశం చేశాడు. గయకు చేరువలో ఉన్న బోధ్‌గయలోని మహాబోధి ఆలయం 2002లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. థాయిలాండు, జపాను, శ్రీలంక, మయన్మారు మొదలైన దేశాల బౌద్ధులకు ఇది విహారం కాదు, తీర్థయాత్ర.

ముంబయి, గోవా

ముంబయిలో ఛత్రపతి శివాజీ మహారాజ్ రైల్వే టెర్మినస్ చూడదగినది. ఇక్కడి నుండి ఔరంగాబాదు (2023లో ఛత్రపతి శంభాజీనగర్‌గా పేరు మారినది) వెళ్ళి అజంతా, ఎల్లోరా గుహలను చూడవచ్చును. ఎల్లోరాలోని కైలాసనాథాలయాన్ని 8వ శతాబ్దంలో రాష్ట్రకూటుల కాలంలో ఒకే కొండను పై నుండి కిందికి తొలచి నిర్మించారు. అజంతా సోమవారం, ఎల్లోరా మంగళవారం మూసి ఉంటాయి. గోవా సముద్ర తీరాలకు, పోర్చుగీసు కాలపు చర్చిలకు పేరు పొందినది.

హైదరాబాదు, విశాఖపట్నం

హైదరాబాదులో 1591లో నిర్మించిన చార్మినారు, గోల్కొండ కోట, సాలార్ జంగ్ మ్యూజియం ముఖ్యమైనవి. ములుగు జిల్లా పాలంపేటలో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. తెలుగు రాష్ట్రాలలో ఈ గుర్తింపు పొందిన మొదటి కట్టడం ఇదే. దీని శిఖరానికి వాడిన ఇటుకలు నీటిపై తేలేటంత తేలికైనవి.

నాగార్జునసాగర్ జలాశయం కట్టినపుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోగా, అక్కడి బౌద్ధ శిథిలాలలో కొన్నింటిని నాగార్జునకొండ ద్వీపానికి తరలించి మ్యూజియం ఏర్పాటు చేశారు. ఇక్కడికి లాంచీలో వెళ్ళాలి. అమరావతి స్తూప శిల్పాలలో అనేకం నేడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలోను, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోను ఉన్నాయి. విశాఖపట్నం నుండి అనంతగిరి కొండలలోని బొర్రా గుహలకు, అరకు లోయకు రైలు మార్గం కలదు. సొరంగాలు, లోయల మీదుగా సాగే ఆ ప్రయాణమే ఒక ఆకర్షణ.

బెంగుళూరు, చెన్నై

విజయనగర సామ్రాజ్య రాజధానియైన హంపి కర్ణాటకలో తుంగభద్రా తీరాన ఉన్నది. బెంగుళూరు నుండి గాని, హైదరాబాదు నుండి గాని హోస్పేట మీదుగా చేరవచ్చును. శ్రీకృష్ణదేవరాయల కాలంలో తెలుగు సాహిత్యానికి కేంద్రమైన ఈ నగరం 1565 యుద్ధం తరువాత ధ్వంసమైంది. చెన్నైకి దక్షిణంగా పల్లవుల మహాబలిపురం, ఇంకా దిగువన చోళుల తంజావూరు బృహదీశ్వరాలయం ఉన్నాయి.

కొచ్చి, తిరువనంతపురం

అలెప్పి (ఆలప్పుళ) ప్రాంతపు కాయళ్ళలో పడవ ప్రయాణం, మున్నారు తేయాకు తోటలు, ఆయుర్వేద చికిత్స ఇక్కడి ఆకర్షణలు. వానాకాలాన్ని ఆయుర్వేద చికిత్సకు అనువైన కాలంగా కేరళలో భావిస్తారు.

కోల్‌కతా, బాగ్‌డోగ్రా, గువాహటి

కోల్‌కతా నుండి సుందరవనాలకు, శాంతినికేతన్‌కు వెళ్ళవచ్చును. బాగ్‌డోగ్రా డార్జిలింగ్ చిన్న రైలుకు, సిక్కిం రాష్ట్రానికి ద్వారం. గువాహటి నుండి ఒంటికొమ్ము ఖడ్గమృగాలకు నిలయమైన కాజీరంగా జాతీయ వనానికి రోడ్డు మార్గం ఉన్నది. వానాకాలంలో బ్రహ్మపుత్ర వరదల వలన ఈ వనాన్ని మూసివేస్తారు. ఒడిషాలోని కోణార్క సూర్య దేవాలయానికి భువనేశ్వరం దగ్గరి విమానాశ్రయం.

ప్రత్యేక అనుమతులు గల ప్రాంతాలు

వీసా ఉన్నంత మాత్రాన దేశంలోని ప్రతి మూలకు వెళ్ళే స్వేచ్ఛ ఉన్నదని అనుకోరాదు. సరిహద్దు ప్రాంతాలలో కొన్నింటికి రక్షిత ప్రాంత అనుమతి కావాలి. ఈ ఏర్పాటు 1958 నాటి ఉత్తర్వుతో మొదలైంది. అరుణాచల్ ప్రదేశ్, సిక్కింలోని కొన్ని భాగాలు, లడఖ్‌లోని పాంగాంగ్ సరస్సు, నుబ్రా లోయ వంటివి ఈ కోవలోకి వస్తాయి. మణిపూరు, మిజోరం, నాగాలాండ్ రాష్ట్రాలకు కొన్ని సంవత్సరాలు సడలింపు ఇచ్చి, 2024 డిసెంబరులో అనుమతి నియమాన్ని తిరిగి విధించారు.

అండమాన్ దీవులలో పలు ద్వీపాలు పర్యాటకులకు తెరచి ఉన్నప్పటికీ, ఆదిమ తెగల నివాసాలకు 1956 నాటి చట్టం ప్రకారం ప్రవేశం నిషిద్ధం. ఉత్తర సెంటినెల్ ద్వీపవాసులకు బయటి ప్రపంచపు వ్యాధులను తట్టుకొనే శక్తి లేదు. కనుక ఈ నిషేధం యాత్రికుని కన్నా ద్వీపవాసులకు ఎక్కువ రక్షణ. 2018లో అక్రమంగా ఆ ద్వీపానికి వెళ్ళిన ఒక అమెరికా పౌరుడు ప్రాణాలు కోల్పోయాడు. అతడు దేశంలోకి వచ్చినది పర్యాటక వీసా మీదనే.

కొన్ని ఆలయాల ఆచారాలను కూడా తెలుసుకొని రావాలి. పూరీ జగన్నాథాలయంలోకి హిందువులు కానివారిని అనుమతించరు. తిరుమలలో అన్యమతస్థులు విశ్వాస ప్రకటన పత్రంపై సంతకం చేసి దర్శనం చేసుకోవచ్చును.

అనువైన కాలం

* అక్టోబరు నుండి మార్చి వరకు - రాజస్థాన్, గంగా మైదానం, దక్కను, దక్షిణ భారతం. డిసెంబరు, జనవరి నెలలలో ఉత్తరాది పొగమంచు వలన విమానాలు, రైళ్ళు ఆలస్యమవుతాయి.
* ఏప్రిల్ నుండి జూన్ వరకు - హిమాలయ పట్టణాలు, పులుల అభయారణ్యాలు. నీటి మడుగుల వద్దకు జంతువులు చేరుతాయి కనుక వాటిని చూడడం సులువు.
* జూలై నుండి సెప్టెంబరు వరకు - లడఖ్. ఇది హిమాలయాలకు ఆవలి వైపున ఉన్నందున వర్షాలు తక్కువ. ఈ కాలంలో అనేక జాతీయ వనాలు మూసి ఉంటాయి.

తమిళనాడు, దక్షిణ కోస్తాంధ్రలలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు, తుఫానులు వస్తాయి.

ప్రవేశ రుసుములు

పురావస్తు శాఖ కట్టడాలలో విదేశీయులకు, స్వదేశీయులకు వేర్వేరు రుసుములు ఉన్నాయి. 2018 డిసెంబరులో సవరించిన రేట్ల ప్రకారం తాజ్ మహల్ ప్రవేశానికి విదేశీయులు 1,100 రూపాయలు, భారతీయులు 50 రూపాయలు చెల్లించాలి. ప్రధాన సమాధి లోనికి వెళ్ళడానికి ఇద్దరికీ మరో 200 రూపాయలు అదనం. సార్క్, బిమ్‌స్టెక్ దేశాల పౌరులకు తగ్గింపు ఉన్నది. కట్టడాలు ఈ దేశ ప్రజల పన్నులతో నిలుస్తున్నాయి కనుక తేడా సమంజసమని కొందరు, అతిథులను వేరుగా చూడడం తగదని మరికొందరు వాదిస్తారు.

ప్రవాసాంధ్రులు, ఈ-వీసా

విదేశీ పౌరసత్వం తీసుకొన్న తెలుగువారు భారత గడ్డపై చట్టం దృష్టిలో విదేశీయులే. భారత రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. వీరికి 2005లో ప్రవేశపెట్టిన విదేశీ భారతీయ పౌరసత్వ కార్డు ఉంటే జీవితాంతం వీసా అవసరం లేదు. 2015 జనవరి 9న భారత సంతతి వ్యక్తుల కార్డు పథకాన్ని ఇందులో విలీనం చేశారు.

అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలు ఆ దేశ పౌరులు కనుక, ఈ కార్డు ఇంకా చేతికి రాకముందు తాతలను, అమ్మమ్మలను చూడడానికి రావాలంటే వీసా కావాలి. అత్యవసరంగా రావలసినపుడు ఇటువంటి కుటుంబాలు ఈ-వీసాను ఉపయోగించుకొంటాయి. తల్లిదండ్రులు భారత పాస్‌పోర్టుతోను, బిడ్డ ఈ-వీసాతోను హైదరాబాదు విమానాశ్రయంలో దిగి వేర్వేరు వరుసలకు చెందినవారు కావడం ఈ పరిస్థితి ఫలితమే. ఈ కార్డు గలవారు కూడా రక్షిత ప్రాంతాలకు వెళ్ళాలంటే ప్రత్యేక అనుమతి పొందాలి.

ప్రభావం

2014లో ఈ రకపు అనుమతులపై వచ్చినవారు సుమారు 39 వేల మంది. 2015లో ఈ సంఖ్య 4.45 లక్షలకు, 2016లో 10.8 లక్షలకు, 2019లో 29 లక్షలకు పెరిగింది. 2019లో దేశానికి వచ్చిన మొత్తం విదేశీ పర్యాటకులు సుమారు 1.09 కోట్లు. అనగా ప్రతి నలుగురిలో ఒకరికి మించి ఈ వీసాపై వచ్చారు.

కోవిడ్ వలన మొత్తం పర్యాటకుల సంఖ్య 2020లో 27 లక్షలకు, 2021లో 15 లక్షలకు పడిపోయింది. 2023లో 95 లక్షలకు, 2024లో సుమారు 99.5 లక్షలకు కోలుకున్నది. 2024లో కూడా 2019 నాటి స్థాయిని అందుకోలేదు. వీసా సులభమైనా రాకపోకలు దానంతట అవి పెరగవని ఈ అంకెలను బట్టి గ్రహించవచ్చును. విమాన చార్జీలు, పరిశుభ్రత, గాలి కాలుష్యం, ఒంటరి మహిళా యాత్రికుల భద్రత, పొరుగు దేశాలతో పోటీ వంటి అంశాలు కూడా యాత్రికుని నిర్ణయంపై పనిచేస్తాయి.

ఇవి కూడా చూడండి

* భారతదేశంలో పర్యాటకం
* భారతదేశంలోని ప్రపంచ వారసత్వ ప్రదేశాలు
* రామప్ప దేవాలయం
* హంపి
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం